ధర్మకర్త లాయరు ఎవరి లాయరు?

బార్ కౌన్సిల్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ అధ్యక్షులకు, సభ్యులకు

అయ్యా, అమ్మా,

నేను బెజవాడ సివిల్ కోర్టుల్లో ముప్పై ఏళ్ళ పైచిలుకు ప్రాక్టీసు ఉన్న న్యాయవాదిని. నా పేరు మీకు విడిగా పంపుతున్న ఫిర్యాదు మీద ఉంటుంది. ఇక్కడ రాస్తే నేను చెప్పబోయే పెద్దావిడ ఎవరో వాళ్ళ ఊళ్ళో ఇట్టే తెలిసిపోతుంది. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాను గానీ, ఊరు పేరు మాత్రం చెప్పొద్దంది.

ఆరేళ్ళ కిందట, వరి కోతలు మొదలయ్యే రోజుల్లో ఆమె మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. కంకిపాడు అవతల, కాలువ కింద ఎకరం ఎనభై సెంట్లు ఆమె పేరున ఉండేది. వరి కోశాక మినుము చల్లుకునే పొలం. భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, టెక్సాస్‌లో ఉంటాడు. శిస్తు కట్టడం, కౌలు వసూలు, పాసు పుస్తకం కోసం తిరగడం అన్నీ మరిది కొడుకు చూసేవాడు. "ఆఫీసుల చుట్టూ నువ్వేం తిరుగుతావు పెద్దమ్మా" అని ఒకరోజు కారెక్కించుకు తీసుకెళ్ళి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద సంతకం పెట్టించాడు. ఏడాది తిరక్కుండా ఆ పొలం అతని బావమరిది పేరున రిజిస్టరైంది. దస్తావేజులో చూపిన ప్రతిఫలం సర్కారు పుస్తకంలో ధర. బయట ధరలో మూడోవంతు కూడా ఉండదు. ఆ కాస్తయినా ఆమె చేతికి రాలేదు. అడిగితే "ఖర్చులు పోను ఏం మిగుల్తుందో చూసి ఇస్తాలే" అన్నాడట.

ఆమె పసుపు సంచిలోంచి తీసిన జిరాక్సులు బల్ల మీద పరుచుకుని చదివాను. ఎక్కడా ఫోర్జరీ లేదు. సంతకం ఆమెదే. ఐదో తరగతి చదివిన చేతి అక్షరాలు, వరస కాస్త పైకి పోయింది. "సదరు ఏజెంటు చేయు కార్యములన్నియు నేను స్వయముగా హాజరై చేసినట్లే సమ్మతించుచున్నాను" అని మనందరికీ కంఠతా వచ్చిన వాక్యం ఉంది. అమ్మే హక్కు ఉంది, ప్రతిఫలం పుచ్చుకునే హక్కు ఉంది, రశీదు ఇచ్చే హక్కు ఉంది. పుచ్చుకున్న సొమ్ము ఆమెకు అప్పజెప్పాలన్న ముక్క మాత్రం ఆ పేజీల్లో ఎక్కడా లేదు. చివర దస్తావేజు తయారుచేసిన లాయరు గారి రబ్బరు స్టాంపు. విక్రయ దస్తావేజు తిప్పి చూస్తే దాని అడుగునా అదే స్టాంపు. మొదటి సాక్షి ఆయన గుమాస్తా.

నేను చదువుతున్నంతసేపూ ఆమె మాట్లాడలేదు. తలెత్తాక అడిగింది.

"ఈ కాయితం రాసినాయన కూడా లాయరే గదా బాబూ. ఇంట్లోవాళ్ళకే అమ్ముకుంటన్నాడని ఆయనకి తెలీదా?"

తెలుసు. అమ్మినవాడూ కొన్నవాడూ ఒకే బండి మీద ఆయన ఆఫీసుకు వచ్చారని తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడింది.

ఆమె అడిగిన ప్రశ్నే నేను మీ ముందు పెడుతున్నాను. ఒకరి ఆస్తిని నమ్మి చేతిలో పెట్టుకున్నవాడు, వాడు ఏజెంటు కానివ్వండి, ధర్మకర్త కానివ్వండి, మైనరు గార్డియను కానివ్వండి, ఆ నమ్మకాన్ని మింగేస్తుంటే, దానికి కాయితం రాసిపెట్టే లాయరు ఎవరికి జవాబు చెప్పాలి? "నా క్లయింటు ఏజెంటు. ఆ ముసలావిడ నాకు ఫీజివ్వలేదు, నాకు ఆవిడతో సంబంధం లేదు." ఈ మాట మన బార్ రూములో చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ ఎవరో ఒకరు అవునన్నట్టు తలూపడమూ చూశాను.

చట్టం మాత్రం అలా తలూపలేదు. 1882 నాటి ఇండియన్ ట్రస్టుల చట్టం 88వ సెక్షన్ తీయండి. నమ్మకం మీద మరొకరి ప్రయోజనం కాపాడాల్సినవాడు ఆ హోదా వాడుకుని తాను సంపాదించిన లాభాన్ని అవతలివారి కోసమే పట్టి ఉంచాలంటుంది. అలాంటివాళ్ళెవరో చెబుతూ ధర్మకర్త, ఏజెంటు, భాగస్తుడు, కంపెనీ డైరెక్టరులతో పాటు న్యాయ సలహాదారునీ ఆ వరసలోనే కూర్చోబెట్టింది. మనల్ని వేరే బల్ల మీద కూర్చోబెట్టలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఏజెంటు అడిగినప్పుడు లెక్క చెప్పి తీరాలంటుంది. యజమానికి తెలియకుండా సొంత లావాదేవీ నడిపితే ఆ లావాదేవీని యజమాని తోసిపుచ్చొచ్చంటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్‌లో, పాత శిక్షాస్మృతి 409 లోది యథాతథంగా వచ్చింది: వృత్తిలో భాగంగా తన చేతికి వచ్చిన ఆస్తిని కాజేసిన బ్యాంకరు, బ్రోకరు, అటార్నీ, ఏజెంటులకు యావజ్జీవం దాకా శిక్ష.

క్లయింటు చెప్పింది బయటపెట్టకూడదు కదా అంటారు. నిజమే, ఆ రహస్యం మన వృత్తికి ప్రాణం. అయితే ఆ రహస్యాన్ని కాపాడిన 1872 నాటి సాక్ష్య చట్టంలోనే ఒక ఉదాహరణ ఉండేది: దొంగ దస్తావేజుతో ఆస్తి స్వాధీనం చేసుకోవాలని ఉంది, దాని మీద దావా వేసిపెట్టండని క్లయింటు లాయరుతో అంటాడు. ఆ మాటకు రహస్య రక్షణ లేదని చట్టం తేల్చేసింది. ఇప్పటి సాక్ష్య అధినియమంలో 132వ సెక్షన్ కూడా అక్రమ ప్రయోజనం కోసం జరిగిన సంభాషణను కాపాడదు.

కాయితం సక్రమంగా ఉన్నా నమ్మకం దెబ్బతినొచ్చని చెప్పడానికి సదావర్తి సత్రం సంగతి ఒకటి చాలు. కృష్ణ ఒడ్డున అమరావతిలో ఉన్న ఆ సత్రానికి చెన్నై పక్కన తాళంబూరులో భూములున్నాయి. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి కాలం నాటి దానమని మనవైపు చెప్పుకుంటారు. 2016లో అందులో 83.11 ఎకరాలు వేలం వేస్తే రూ. 22.44 కోట్లు పలికింది. వేలం జరిగింది, అనుమతులు ఉన్నాయి, ఫైలు నిండుగా ఉంది. ధర అన్యాయమని అప్పటి మంగళగిరి శాసనసభ్యుడు ఆళ్ళ రామకృష్ణారెడ్డి హైకోర్టుకు వెళ్ళారు. కోర్టు మళ్ళీ వేలం వేయించింది. 2017 సెప్టెంబరులో అదే భూమికి పాట రూ. 60.30 కోట్లకు వెళ్ళింది. ఆ పాట పాడినవారు డబ్బు కట్టడం, మానడం, ఆ భూమి మాదేనని తమిళనాడు ప్రభుత్వం అడ్డుపడటం, సుప్రీంకోర్టు దాకా పోవడం, అదంతా వేరే కథ. ఎవరినో దోషిగా నిలబెట్టడానికి నేనిది ఎత్తలేదు. ఆ రెండు అంకెల మధ్య రూ. 37.86 కోట్ల తేడా ఉంది. మన తెలుగులో ట్రస్టీని ధర్మకర్త అంటాం. ఆ భూమికి ధర్మకర్త స్థానంలో ఉన్నది సాక్షాత్తూ దేవాదాయ శాఖ. 1987 నాటి దేవాదాయ చట్టం 80వ సెక్షన్ ప్రకారం మామూలుగా ముందస్తు అనుమతి, బహిరంగ వేలం లేకుండా సెంటు భూమి అమ్మకూడదు. ఆ మెట్లన్నీ ఎక్కి వచ్చినా సత్రానికి దక్కాల్సింది దక్కకుండా పోబోయిందంటే, కాయితం సక్రమంగా ఉండటం ఒకటి, నమ్మకం నిలబెట్టడం ఇంకొకటి అని తెలియడం లేదూ?

సత్రం మాట్లాడలేదు. దాని అన్నం తినాల్సినవాడు ఏ ఊళ్ళో ఉన్నాడో ఎవరికీ తెలియదు. అలాంటి ఆస్తి ఫైలు మన బల్ల మీదికి వచ్చినప్పుడు ఫీజు వచ్చేది కూడా ఆ ఆస్తిలోంచే. ధర్మకర్త చెక్కు మీద సంతకం పెడతాడు, అంతే. అందుకని ధర్మకర్త లాయరుకు రెండు వైపులా చూడాల్సిన బాధ్యత ఉందని నా నమ్మకం. ధర్మకర్తకు న్యాయంగా సలహా ఇవ్వాలి. అతను ధర్మం తప్పుతుంటే చేయి కలపకూడదు. వకాలత్తు వదులుకోవాల్సి వస్తే వదులుకోవాలి. మన ప్రాంతంలో ఏ బ్రాంచి కాలువ మీదకు వెళ్ళినా దేవుడి మాన్యం లేని ఊరు అరుదు. ఈ ప్రశ్న రేపు ఉదయమే మీలో ఎవరి ఆఫీసుకైనా రావచ్చు.

రాజధాని మాట వచ్చిన 2014 నుంచి బెజవాడ చుట్టుపక్కల పొలం ధరలు ఎలా లేచాయో మీకు చెప్పనక్కర్లేదు. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఊళ్ళో, కాయితాలు చుట్టాల చేతిలో. ఒక్క జీపీఏతోనే ఆస్తి హక్కు బదిలీ కాదని, రిజిస్టరైన విక్రయ దస్తావేజు కావాల్సిందేనని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. నిజమైన ఏజెన్సీకి ఆ తీర్పు అడ్డం రాదు, రాకూడదు కూడా. ఆ పెద్దావిడ లాంటి వాళ్ళు మోసపోయేది ఆ నిజమైన ఏజెన్సీ ముసుగులోనే.

మన లాయర్ల బాధ్యత మీద వచ్చిన తీర్పుల్లో రెండు మన తెలుగు నేల మీది కేసుల్లోవే. ఒకటి 1984 నాటిది. హైదరాబాదు న్యాయవాది ఒకరు, సంతకం చేయాల్సిన మనిషి ఎదురుగా లేకుండానే అఫిడవిట్‌ను ధ్రువీకరించారు. ఎం. వీరభద్రరావు వర్సెస్ టేక్‌చంద్ కేసది. ఆయన సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకుంటే, ఆ కోర్టు సస్పెన్షన్‌ను ఐదేళ్ళకు పెంచింది. ఇవాళ నోటరీ బల్లల దగ్గర ఎన్ని అఫిడవిట్ల మీద మనిషి లేకుండానే సీలు పడుతోందో గుండెల మీద చేయి వేసుకుని చెప్పుకుందాం. రెండోది 2012లో వచ్చిన కె. నారాయణరావు కేసు. నారాయణగూడ విజయా బ్యాంకు శాఖ గృహ రుణాల్లో తప్పుడు లీగల్ ఒపీనియన్ ఇచ్చారని ప్యానెల్ న్యాయవాదిని సీబీఐ ముద్దాయిగా చేర్చింది. ఒపీనియన్ తప్పయినంత మాత్రాన నేరం కాదు, మోసగాళ్ళతో కలిసి పనిచేశాడనడానికి గట్టి ఆధారం ఉండాలి అని సుప్రీంకోర్టు ఆయన్ని వదిలేసింది. ఆ తీర్పు సరైనదే. లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూసి నిజాయితీగా పొరబడిన జూనియరును జైలుకు పంపితే రేపు ఎవరూ ఒపీనియన్ రాయరు. నేను మాట్లాడుతున్నది పొరబాటు గురించి కాదు. తెలిసి రాసినవాడి గురించి.

తెలిసి రాసినా, నష్టపోయిన మనిషి ఎక్కడికి పోవాలి? న్యాయవాదుల చట్టం 35వ సెక్షన్ కింద మీరు మందలించొచ్చు, సస్పెండ్ చేయొచ్చు, రోలు నుంచి పేరు తీసేయొచ్చు. పోయిన పొలానికి పైసా ఇప్పించే అధికారం మీకు లేదు. వినియోగదారుల ఫోరానికి వెళ్దామంటే, 2024 మే 14న సుప్రీంకోర్టు డి.కె. గాంధీ కేసులో న్యాయవాదులు ఆ చట్టం కిందికి రారని తేల్చింది. సివిల్ కోర్టు తలుపు తెరిచే ఉంది; న్యాయవాది అన్న ఒక్క కారణంతో నిర్లక్ష్యం దావా నుంచి తప్పించుకోలేడని 1926 నాటి ఫీజుల చట్టమే అంటోంది. కానీ ఆ దావా వేయాల్సింది క్లయింటు. మా పెద్దావిడ క్లయింటు కాదుగా! కోర్టు ఫీజు కట్టుకుని, ఇంకో లాయర్ని పెట్టుకుని, ఒక లాయరు మీద దావా నడపాలి. బెజవాడలో ఆ వకాలత్తు తీసుకునేవారిని చూపించండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఆమె దావాలో లెక్కలు చెప్పమని, విక్రయం రద్దు చేయమని అడిగాం. ఆ లాయర్ని ప్రతివాదిగా చేర్చలేదు. మీకు ఫిర్యాదు రాద్దామా బాబూ అని ఆమె అడిగితే నేనే వద్దన్నాను. రోజూ ఎదురుపడే మనిషి, ఒకే బార్, పిల్లల పెళ్ళిళ్ళకు పిలుచుకున్నవాళ్ళం. చివరికి లోక్ అదాలత్‌లో రాజీ పడ్డాం. బయట ధరలో సగం వచ్చింది. "సగమన్నా దక్కింది, నీ చలవ" అని ఆమె నాకు దణ్ణం పెట్టి వెళ్ళింది. ఆ దణ్ణం నాకు దక్కవలసింది కాదు.

మా సీనియరు గారు గుర్తొచ్చారు ఆ రాత్రి. ఆయన జీపీఏ రాసేముందు కొడుకునీ, అల్లుణ్ణీ, గుమాస్తానీ, మమ్మల్నీ అందర్నీ బయటికి పంపేసేవారు. సంతకం పెట్టబోయే మనిషిని ఎదురు కుర్చీలో కూర్చోబెట్టుకుని, "ఈ కాయితంతో ఏమవుతుందో నువ్వు నాకు చెప్పమ్మా" అని అడిగేవారు. చెప్పలేకపోతే ఆ పూట రాసేవారు కాదు. పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలకు కోపం తెచ్చుకుని వేరే లాయరు దగ్గరికి వెళ్ళిపోయిన కొడుకుల్నీ నేను చూశాను. ఆయన ఫీజు పోయింది. ఆయన రాసిన జీపీఏ మీద నేను పనిచేసినన్నాళ్ళూ దావా రాలేదు.

మీరు చేయగలిగినవి ఉన్నాయి. సీనియరు గారి పది నిమిషాలను ఈ రాష్ట్రంలో న్యాయవాదుల నియమంగా పెట్టండి: జీపీఏ రాసే లాయరు అసలు మనిషితో ఒంటరిగా మాట్లాడి, ఆ సంగతి తన రిజిస్టరులో రాసుకోవాలి. విదేశాల్లో ఉంటే వీడియోలో మాట్లాడాలి. ఏజెంటు గానీ ధర్మకర్త గానీ తన సొంత మనుషులకు అమ్ముతున్నాడని తెలిస్తే, అసలు యజమాని లిఖిత సమ్మతి లేకుండా ఆ దస్తావేజు రాయడం దుష్ప్రవర్తనేనని ఒక్క తీర్మానం చేయండి. క్లయింటు సొమ్ముకు లెక్క ఉంచాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు ఇప్పటికే చెబుతున్నాయి. ఆ సొమ్ము లాయరు సొంత ఖాతాలో కలవకుండా విడి ఖాతా ఉండేట్టు చూడండి.

ఫిర్యాదు చేసేది క్లయింటే కావాలని 35వ సెక్షన్ ఎక్కడా అనలేదు. ఫిర్యాదు అందినా, మరో విధంగా తెలిసినా మీరు విచారించొచ్చు. కాబట్టి నష్టపోయిన మూడో మనిషి తెలుగులో రాసిన కాయితాన్ని కూడా తీసుకోండి. ఇంగ్లీషులో టైపు చేయించుకు రమ్మని తిప్పి పంపకండి. క్రమశిక్షణ కమిటీ ఉత్తర్వుల్ని ప్రతి కోర్టు ప్రాంగణంలో నోటీసు బోర్డు మీద, తెలుగులో పెట్టించండి.

ఇంకొకటి. ప్రతి వకాలత్తుకూ మనం సంక్షేమ నిధి స్టాంపు అంటిస్తాం. అది మన కోసం, మన కుటుంబాల కోసం. మంచిదే, కరోనా రోజుల్లో ఆ నిధి విలువ అందరికీ తెలిసింది. లాయరు చేతిలో సొమ్ము పోగొట్టుకున్న కక్షిదారుల కోసం మాత్రం అలాంటి స్టాంపు ఒక్కటీ లేదు. ఇంగ్లండులో సొలిసిటర్ల పరిహార నిధి ఎన్నో దశాబ్దాలుగా నడుస్తోంది. అమెరికా రాష్ట్రాల్లోనూ లాయర్లే చందాలు వేసుకుని నడుపుకునే కక్షిదారుల రక్షణ నిధులున్నాయి. మన పిల్లలు అక్కడ ఆ రక్షణలో ఉన్నారు. వాళ్ళ తల్లులు ఇక్కడ ఏ రక్షణా లేకుండా ఉన్నారు. మన వకాలత్తు మీద ఇంకో పది రూపాయల స్టాంపుకు నేను ఒప్పుకుంటాను. నాతోపాటు ఒప్పుకునేవాళ్ళు మీరు అనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు.

మన వృత్తిని బజారుకీడుస్తున్నావని నా తోటివారిలో కొందరు అనవచ్చు. వాళ్ళకు ఈ ఊరు చూసిన ఒక సంగతి గుర్తుచేస్తాను. జనం దగ్గర డిపాజిట్లు సేకరించిన అగ్రిగోల్డ్ కంపెనీ మునిగినప్పుడు ఈ ఊళ్ళోనే డిపాజిటర్లు బాండ్లు పట్టుకుని రోడ్డెక్కారు. దగ్గర దగ్గర రూ. 6,380 కోట్ల జనం సొమ్ము, సుమారు 32 లక్షల ఖాతాలు. ఆ జనం అడిగింది ఒక్కటే: "నమ్మి ఇచ్చాం కదా." నమ్మి ఇచ్చిన మాట విలువ తెలిసిన ఊరు ఇది. ఈ ఊరి బార్ ఆ మాట పక్కన నిలబడితే మన వృత్తికి తగ్గేదేమీ లేదు.

ఈ లేఖతో పాటు ఆమె తరఫున రాసిన ఫిర్యాదు మీకు పోస్టులో పంపుతున్నాను. జీపీఏ, విక్రయ దస్తావేజు నకళ్ళు జతచేశాను. రెంటి అడుగునా ఉన్న స్టాంపు స్పష్టంగానే కనబడుతుంది. విచారణకు పిలిచిన రోజు ఆమెను నేనే నా కారులో తీసుకొస్తాను. మోకాళ్ళు నొప్పులు, దయచేసి కింది అంతస్తులో గది చూడండి. ఆమెకిప్పుడు 78 ఏళ్ళు. న్యాయవాదుల చట్టం 36బీ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు మీ చేతికి అందిన రోజు నుంచి దాన్ని తేల్చడానికి మీకు ఒక్క ఏడాది గడువు ఉంది.

ఇట్లు,
విజయవాడ న్యాయవాది ఒకరు